రాత్రి బీసెంట్ రోడ్డుకి పాత కెమెరా చాలు

రాత్రి ఏడున్నరకి విజయవాడ బీసెంట్ రోడ్డులో ట్రైపాడ్ వేసే చోటే ఉండదు. అటూ ఇటూ గాజులు, చెప్పులు, రెడీమేడ్ బట్టల అమ్మకాలు, మధ్యలో జనం. కెమెరా చేతిలోనే ఉండాలి. 2012 నాటి ఒలింపస్ ఈ-ఎం5, 2013 నాటి పానాసోనిక్ జీఎక్స్7 లాంటి చిన్న మిర్రర్‌లెస్ కెమెరాలు ఈ పనికి ఇప్పటికీ బాగా పనికొస్తాయి. రెండిట్లోనూ 16 మెగాపిక్సెళ్ల సెన్సర్ (కాంతిని పట్టే పలక) ఉంది, ఆ సెన్సర్‌నే కదిలించి చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటూ (స్టెబిలైజర్) ఉంది.

పాత కెమెరా అనగానే చీకట్లో ఫొటో నిండా గ్రెయిన్ (ఇసుక చల్లినట్టుండే చుక్కలు) వస్తుందని చాలామంది భయం. నిజానికి ఆ గ్రెయిన్‌లో పెద్ద భాగం కెమెరాది కాదు, వెలుతురుది. కాంతి ఫోటాన్లుగా, చినుకుల్లా పడుతుంది. వాన మొదలైనప్పుడు పక్కపక్కనే పెట్టిన రెండు గిన్నెల్లో చినుకులు సమానంగా పడవు. జోరు వానలో ఆ తేడా కనిపించదు. ఒక పిక్సెల్‌కి సగటున 100 ఫోటాన్లు చేరితే హెచ్చుతగ్గు 10, అంటే 10 శాతం. 10,000 చేరితే 100, అంటే ఒక్క శాతమే. కొత్త కెమెరా కొన్నా ఈ లెక్క మారదు. అందుకే డబ్బు ముందు లెన్స్ మీద పెట్టాలి. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది. కెమెరాతో వచ్చే జూమ్ ఎఫ్3.5 దగ్గర ఆగిపోతే, పానాసోనిక్ 20 ఎంఎం ఎఫ్1.7 దానికి నాలుగు రెట్లకు పైగా కాంతిని లోపలికి రానిస్తుంది. జూమ్‌తో ఐఎస్ఓ (ఫొటోను ఎంత వెలిగించాలో చెప్పే అంకె) 3200 అడిగే దృశ్యం దీనితో 800లో వస్తుంది. ఫోకస్ కోసం లోపలి గాజంతా కదలాలి కాబట్టి ఈ లెన్స్ నెమ్మది, ఆ ఒక్కటీ ఓర్చుకోవాలి.

షట్టర్ స్పీడు (సెన్సర్ మీద కాంతి పడే సమయం) దగ్గరే ఎక్కువమంది తడబడతారు. చేతి వణుకు వేరు, మనుషుల కదలిక వేరు. ఈ సెన్సర్ సైజులో 20 ఎంఎం లెన్స్‌కి స్టెబిలైజర్ లేకుండా 1/40 సెకను దాకా చేతితో తీయొచ్చు. స్టెబిలైజర్ మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకి కాంతి రెట్టింపు) ఆదుకుంటే 1/5 దాకా దిగొచ్చు. దుర్గా ఘాట్ నుంచి ప్రకాశం బ్యారేజీ దీపాలు తీయడానికి అది చాలు, ఐఎస్ఓ తక్కువలో ఉంచొచ్చు. బేరమాడుతున్న మనిషి చేయి మాత్రం 1/5లో మసకే. దాన్ని ఏ స్టెబిలైజరూ ఆపలేదు. అక్కడ 1/100 పెట్టి ఐఎస్ఓ పెంచండి.

1/100 అనడానికి ఇంకో కారణముంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 ఆవృత్తులు, ఒక్కోదానిలో రెండు మిణుకులు కాబట్టి చవక ఎల్ఈడీ బల్బులు సెకనుకి 100 సార్లు మిణుకుమంటాయి. 1/100లో ఒక మిణుకు, 1/50లో రెండు పూర్తిగా పడతాయి. 1/250 పెడితే, అందులోనూ వరుస తర్వాత వరుసగా చదివే ఎలక్ట్రానిక్ షట్టర్‌తో, ఫొటోలో అడ్డంగా చారలు వస్తాయి. కాబట్టి అంగళ్ల మధ్య మెకానికల్ షట్టరే వాడండి. అక్షరాలు పరుగెత్తే ఎల్ఈడీ బోర్డుల మిణుకు లెక్క వేరు. వాటిని ఫ్రేములోంచి తప్పించడమే మేలు.

బోర్డులు తెల్లగా పేలిపోకుండా ఎక్స్‌పోజర్‌ని ⅔ నుంచి ఒక స్టాపు తగ్గించి రా ఫైలుగా (కెమెరా కుదించని ముడి ఫైలుగా) తీయండి. నీడలను తర్వాత లేపుకోవచ్చు, పేలిపోయిన తెలుపు తిరిగి రాదు. ఈ తరం కెమెరాలు కాంట్రాస్ట్ (వెలుగునీడల తేడా) చూసి ఫోకస్ చేస్తాయి, కాబట్టి సాదా చొక్కా మీద పెడితే లెన్స్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది. అంతే దూరంలో ఉన్న చీర అంచు మీదో, రేటు రాసిన అట్ట మీదో పెడితే టక్కున పట్టుకుంటుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి వదిలేటప్పుడు వరుసగా నాలుగు తీయండి. మీట నొక్కే వేలి కుదుపు మొదటి ఫొటోకే తగులుతుంది, మధ్యవి నిలకడగా వస్తాయి.

పాత లెన్స్ కొనేముందు వెనక నుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్, వదిలేయండి. కృష్ణ ఒడ్డు ఊళ్లో గాలి తేమగా ఉంటుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ 40–50 శాతం మధ్య ఉంచాలి. ఏసీ గదిలోంచి ఉక్కలోకి వచ్చేటప్పుడు కెమెరాను జిప్ కవరులోనే అరగంట ఉంచండి. చల్లటి గాజును బయటికి తీస్తే మంచు పట్టేస్తుంది, గుడ్డతో తుడిచినా మళ్లీ పడుతుంది.