దూదిపుల్ల మీద దొరికిన దొంగ

ప్రియమైన పిల్లలూ,

పోలీసులు పంపే నమూనాలను పరీక్షించే ల్యాబుకు అక్రెడిటేషన్, అంటే పరీక్ష సరిగ్గా చేయగలదని బయటి సంస్థ చూసి ఇచ్చే గుర్తింపు, ఎందుకని అడిగారుగా. ముందు ఒక దూదిపుల్ల సంగతి వినండి.

2007లో జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో ఒక మహిళా పోలీసును కాల్చి చంపారు. ఆమె ఉన్న కారులో ఒక స్త్రీ డీఎన్ఏ దొరికింది. అదే డీఎన్ఏ జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్సుల్లో దాదాపు 40 నేరాల్లో, హత్యల నుంచి చిల్లర దొంగతనాల దాకా, బయటపడింది. ఆ మాయలాడి ఎవరో 2009లో తేలింది: నమూనాలు తీసే దూదిపుల్లల తయారీలో పనిచేసే ఒకావిడ! పాపం, ఆవిడకు ఏ నేరంతోనూ సంబంధం లేదు. ఆవిడ డీఎన్ఏ ఆ పుల్లలకు అంటుకుంది. అవి స్టెరైల్ చేసినవే, కానీ స్టెరైల్ అంటే సూక్ష్మజీవులు చచ్చాయనే అర్థం. డీఎన్ఏ కూడా పోయిందని కాదు. అందుకే ఇలాంటి సామగ్రి మీద మనుషుల డీఎన్ఏ లేకుండా చూడడానికి 2016లో ఐఎస్ఓ 18385 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది.

ల్యాబు పరీక్షలకు ఆధారం ఐఎస్ఓ/ఐఈసీ 17025 అనే ఇంకో ప్రమాణం. ఇప్పుడు నడుస్తున్నది 2017 నాటి కూర్పు. నేరస్థలంలో చేసే తనిఖీకి సాధారణంగా 17020 వాడతారు. తప్పే జరగదని ఇవేవీ హామీ ఇవ్వవు. జరిగిన తప్పు దాగకుండా దారులు మూస్తాయి, అంతే.

ఉదాహరణకు, అసలు నమూనాతో పాటు ఏమీ అంటని ఖాళీ నమూనాను కూడా మొదటి నుంచి చివరిదాకా పరీక్షిస్తారు. ఖాళీ దానిలో డీఎన్ఏ కనిపిస్తే ఆ విడత ఫలితాలు ఆపి కారణం వెతకాలి. ల్యాబు సిబ్బంది డీఎన్ఏ వివరాలు కూడా విడిగా ఉంచుకుంటారు. వచ్చినది తమవాళ్లదేనేమో ముందు చూసుకోవాలి కదా!

ఇక పైపెట్, అంటే ద్రవాన్ని కొలిచి తీసే గొట్టం. 100 మైక్రోలీటర్ల నీళ్లు తీసి తూస్తే దాదాపు 100 మిల్లీగ్రాములు తూగాలి. ఒక్కసారి కాదు, సాధారణంగా పదిసార్లు తూస్తారు. మరి ఆ తక్కెడ సరైనదని ఎవరు చెప్పారు? ప్రామాణిక తూకపు రాయి. ఆ రాయిని? దానికంటే కచ్చితమైన ఇంకో రాయితో సరిచూస్తారు. ఇలా మెట్టుమెట్టుగా దేశపు తూనిక ప్రమాణం దాకా కాగితం ఉండాలి. మధ్యలో ఒక్క కాగితం లేకపోయినా గొలుసు తెగినట్టే.

పొట్లం రాగానే మొదట చూసేది సీలు. ఎవరు తెచ్చారు, ఎవరు తీసుకున్నారు, ఎన్ని గంటలకు, ఇవన్నీ రాసి సంతకాలు. సీలు చిరిగి ఉంటే గుట్టుగా అతికించకూడదు. ఉన్నదున్నట్టు రాసి, పంపినవారిని అడగాలి.

రిపోర్టులో అంకె ఒక్కటే చూడకండి. రక్తంలో ఆల్కహాల్ పరిమితి 80 అనుకుందాం. ఫలితం 82, అటూఇటూ 4. అంటే అసలు విలువ 78 కూడా కావచ్చు. అలాంటప్పుడు ‘దాటింది’ అనాలా వద్దా అనే నియమం పరీక్షకు ముందే రాసి ఉండాలి, ఫలితం చూశాక కాదు.

చాలామంది పెద్దలు కూడా పొరబడేది ఒకటుంది. అక్రెడిటేషన్ ల్యాబు భవనానికి కాదు, ఒక్కో పరీక్షకు ఇస్తారు. డీఎన్ఏకు ఉన్న ల్యాబుకు చేతిరాత పోల్చడానికి ఉండకపోవచ్చు. కనుక గోడ మీది సర్టిఫికెట్ చూసి ఆగకుండా, దాని వెంట ఉండే పరీక్షల జాబితా అడగండి.

మీ తాతయ్య