చీని తొక్క వాసన గంజాయి పూతలో ఎందుకుంటుంది?

అనంతపురం జిల్లాలో చీని (బత్తాయి) తోటల మధ్య పెరిగిన పిల్లలకు ఒక ఆట తెలుసు. కరెంటు పోయిన రాత్రి దీపం ముందు కూర్చుని, అప్పుడే వలిచిన తొక్కను బయటి వైపు మంటకు ఎదురుగా ఉండేలా మడిచి గట్టిగా నొక్కితే, కంటికి ఆనని తుంపర చిమ్మి మంటలో చిటపటమని మెరుపులు పుడతాయి. వేళ్లకు అంటిన వాసన అన్నం తిని చేయి కడుక్కున్నాక కూడా వదలదు. ఆ తుంపరలో నూటికి తొంభై వంతులకు పైగా ఉండేది లిమోనీన్ అనే ఒకే పదార్థం. దాని అణువులో పది కార్బన్, పదహారు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి.

ఐరోపాలోనూ ఉత్తర అమెరికాలోనూ చట్టం అనుమతించిన చోట్ల పెంచే కొన్ని గంజాయి సంకర రకాల పూతలో కూడా ఇదే లిమోనీన్ దండిగా ఉంటుంది. వాటికి నిమ్మ, నారింజ పేర్లు పెట్టడానికి కారణం ఆ పరిమళమే. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం ఆ పూతే గంజాయి, అనుమతి లేకుండా ఆ మొక్కను పెంచడం నేరం. కాబట్టి ఈ వ్యాసం పెంపకం గురించి కాదు, ఆ వాసన వెనుక ఉన్న రసాయనం గురించి. చీనికీ గంజాయికీ దగ్గరి చుట్టరికం ఏదీ లేదు. చీని మారేడు, వెలగ, కరివేపాకు ఉన్న కుటుంబానికి చెందితే, గంజాయి బీరుకు చేదునిచ్చే హాప్స్ తీగ కుటుంబానికి చెందుతుంది. (మనం పప్పులో వేసుకునే గోగు ఆకు గంజాయి ఆకును పోలి ఉంటుంది కనుకనే దాని శాస్త్రీయ నామంలో కన్నాబినస్ అనే మాట చేరింది, కానీ ఆ పోలిక ఆకారం వరకే.) ఇంత దూరపు మొక్కలు ఒకే వాసనను ఎలా తయారుచేసుకున్నాయి?

సమాధానం ముడిసరుకులో ఉంది. మొక్కలన్నీ తమ కణాల్లో జెరానిల్ పైరోఫాస్ఫేట్ అనే పది కార్బన్ల గొలుసును తయారుచేసుకుంటాయి. దాన్ని పట్టుకుని వంచి ఉంగరంలా చుట్టే ఎంజైమ్ ఒకటి ఉంటే చాలు, లిమోనీన్ పుడుతుంది. ఎంజైమ్‌లో కొద్ది మార్పు జరిగితే అదే గొలుసు పైన్ చెట్టు వాసనగానో మరో వాసనగానో మారుతుంది. గంజాయి మొక్కలో ఈ గొలుసుకు రెండో ఉపయోగం కూడా ఉంది. ఒలివెటోలిక్ ఆమ్లం అనే మరో పదార్థంతో కలిసి అదే మత్తు పదార్థానికి తల్లి అణువు అవుతుంది. అంటే నిమ్మ వాసనా, మత్తూ ఒకే పాదులోంచి నీళ్లు తాగుతున్నాయన్న మాట.

ఇక్కడ నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటుంది. మన కుడిచేయి, ఎడమచేయి ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉన్నట్టే లిమోనీన్‌కూ రెండు రూపాలున్నాయి. చీని తొక్కలో ఉండేది దాదాపు అంతా ఒకే రూపం. కానీ గంజాయి మొక్క నూనె గ్రంథుల నుంచి గుర్తించి 2007లో వివరించిన లిమోనీన్ ఎంజైమ్ తయారుచేసేది దానికి ప్రతిబింబమైన రెండో రూపం. ముక్కు ఈ తేడాను పసిగట్టగలదు: మొదటిది నారింజలా తోస్తే, రెండోదానిలో కొంచెం టర్పెంటైన్ ఛాయ ఉంటుంది. పైగా లిమోనీన్ ఒక్కటే మొత్తం కథ కాదు. ఆ మొక్కకున్న ఘాటైన కంపుకు గంధకం కలిగిన అణువులు కారణమని 2021లో తేలింది. అతి స్వల్ప మోతాదులో ఉండే మరికొన్ని గంధక అణువులే కొన్ని రకాలకు పుల్లని పండ్ల వాసననిస్తున్నాయని 2023లో వెల్లడైంది. పేరులో నిమ్మ ఉన్నంత మాత్రాన లిమోనీన్‌నే లెక్కగట్టి వాసనను అంచనా వేయలేమని నా అభిప్రాయం.

సంకరం అనే మాట మన తోటలకూ కొత్తది కాదు. చీని జాతే పంపరపనసకూ కమలాకూ పుట్టిన సంకరం. సాత్‌గుడి చీనిని రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టి పెంచడం వల్ల ప్రతి చెట్టూ ఒకే రుచి కాయ కాస్తుంది. గంజాయిలో ఆడ, మగ మొక్కలు వేరువేరుగా ఉండి, పుప్పొడి గాలిలో ఎగిరి కలుస్తుంది కనుక, ఒకే తల్లి గింజల నుంచి మొలిచిన మొక్కల్లో ఒకటి నిమ్మలా, మరొకటి మిరియంలా వాసన వేయవచ్చు.

ఇక వాతావరణం సంగతి. గంజాయి రకాల్లో ఎక్కువ భాగం రాత్రి పొడవు పెరిగినప్పుడే పూతకు వస్తాయి. ఉత్తరాన 50 డిగ్రీల అక్షాంశం దగ్గర జూన్ నెలలో పగలు సుమారు 16 గంటలు ఉంటుంది. వేసవి చివరికి గానీ పూత మొదలు కాదు, ముదిరేసరికి చలి, మంచు, వాటితో బూజు వచ్చిపడతాయి. ఉష్ణమండలపు రకాలు అక్కడ పూత ముదరక ముందే మంచుకు మాడిపోతాయి. అందుకే చల్లని దేశాల సంకరాల్లో కొన్నిటికి పగటి పొడవుతో నిమిత్తం లేకుండా పూసే రుడెరాలిస్ అనే ఉత్తరాది గంజాయి లక్షణాన్ని కలిపారు. అదే అనంతపురంలో అతి పొడవైన పగలు దాదాపు 13 గంటలు, అతి చిన్నది పదకొండుంబావు; రెంటికీ తేడా రెండు గంటలైనా లేదు. రాత్రి పొడవును బట్టి పూసే ఉత్తరాది రకానికి ఇక్కడ ఏ కాలమైనా శరదృతువులాగే కనిపిస్తుంది.

చీని ఇదే చిక్కును మరోలా ఎదుర్కొంటుంది. చలికాలం బాగా ఉండే చోట్ల దాన్ని పూతకు తెచ్చేది చలి. మన రైతులు నీళ్లు ఆపి, ఆకు వాడేదాకా ఎండగట్టి, తర్వాత తడి ఇచ్చి పూత తెప్పిస్తారు. చల్లని రాత్రులు లేనిదే తొక్కలోని పచ్చదనం విరిగిపోదు కనుక, మన చీనికాయ పండినా ఆకుపచ్చ ఛాయ మిగుల్చుకుంటుంది. లిమోనీన్ మాత్రం మందమైన తొక్కలోని నూనె తిత్తుల్లో మూతపడి ఉంటుంది కాబట్టి ఎండకు అంత సులువుగా పోదు. గంజాయి పూత మీద ఆ నూనె మిల్లీమీటరులో పదో వంతు పరిమాణపు గ్రంథిలో, పలుచని పొర కింద, గాలికి ఎదురుగా నిలబడి ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ ముందుగా ఆవిరయ్యేవి లిమోనీన్ వంటి తేలిక అణువులే. మిరియాల్లోనూ లవంగాల్లోనూ ఉండే కారియోఫిలీన్ వంటి బరువైనవి ఆలస్యంగా పోతాయి. కోసి ఆరబెట్టిన పూతలో నిమ్మ వాసన తగ్గి మిరియపు వాసన పైకి రావడానికి కారణం ఇదే.

నాలుగు రోజులు ఎండిన చీని తొక్కను దీపం ముందు మడిచి నొక్కితే, అది పెళుసుగా విరుగుతుంది. మంటలో మెరుపు మాత్రం రాదు.