ఆరో పన్ను పాలపన్ను కాదు

స్కూల్లో పిల్లల పళ్లు చూసి, చికిత్స కావాల్సిన వాళ్లకు చీటీ రాసి ఇంటికి పంపిస్తాం. కొన్ని నెలల తర్వాత వెళ్తే చాలామందికి పుచ్చు ఇంకా పెరిగి ఉంటుంది. పెద్దవాళ్లనడిగితే ఒకటే జవాబు: "పాలపళ్లే కదండీ, ఎలాగూ ఊడిపోతాయి."

ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి, నిజమే. పాల దవడపళ్లు మాత్రం పదీ పన్నెండేళ్ల దాకా ఉండాలి. పాలపంటి మీదుండే గట్టి పొర (ఎనామెల్) పలచన, అందుకే పుచ్చు త్వరగా నరం దాకా దిగుతుంది. చీము పడితే కింద తయారవుతున్న పన్నూ దెబ్బతినొచ్చు. ముందే పీకేస్తే పక్క పళ్లు ఒరిగి, వచ్చే పన్నుకు చోటు చాలదు.

అసలు నష్టం ఇంకోటి. ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనకాల, ఏదీ ఊడకుండానే, మొదటి శాశ్వత దవడపన్ను వస్తుంది. ఊడి వచ్చింది కాదు కనుక అదీ పాలపన్నే అనుకుంటారు. ఒక తొమ్మిదేళ్ల పాప ఒక పక్కే నములుతోందని తల్లి తీసుకొచ్చింది. చూస్తే ఆ పన్ను మధ్యలో నల్లటి గుంట, లోపలంతా మెత్తబడిపోయి ఉంది. "ఇది ఊడితే కొత్తది వస్తుంది కదా డాక్టర్ గారూ?" అందావిడ. రాదమ్మా అని చెప్పేసరికి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆవిడ తప్పేముంది, అంతవరకూ ఎవరూ చెప్పలేదు. నరానికి చికిత్స చేసి, తొడుగు వేసి ఆ పన్ను నిలబెట్టాం.

ఇవాళే టార్చ్ వేసి చూడండి. ముందు రెండు పళ్ల మధ్య సందు నుంచి ఒక పక్కకు లెక్కపెట్టండి. పక్కకు పాలపళ్లు అయిదే. ఆరోది ఉంటే అది శాశ్వతమైనది. దాని నమిలే భాగంలోని గాడులు లోతుగా ఉంటాయి. పూర్తిగా పైకి వచ్చేదాకా పక్క పన్ను కంటే దిగువన ఉంటుంది కనుక బ్రష్ తగలదు. బ్రష్ అడ్డంగా పెట్టి మీరే తోమాలి. పుచ్చకముందే సీలెంట్ (ఆ గాడులను మూసే పలచని పూత) వేయిస్తే మంచిది. మత్తు ఇంజెక్షన్ అక్కర్లేదు, కొన్ని నిమిషాల పని.

మిగతావి క్లుప్తంగా. పంటి పురుగు అనేది లేదు, బ్యాక్టీరియా తీపి నుంచి తయారుచేసే ఆమ్లమే పన్నును కరిగిస్తుంది. తీపి ఎంత తిన్నారన్న దానికంటే రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నదే ముఖ్యం. పన్ను పీకితే చూపు పోదు, ఈ పుకారు ఇంకెన్నాళ్లు మోస్తారు? ఫ్లోరైడ్ పేస్ట్‌కు భయపడొద్దు. మూడేళ్లు దాటితే బఠాణీ గింజంత వేసి, ఉమ్మేయించండి. ఏడెనిమిదేళ్ల దాకా రాత్రి బ్రషింగ్ పెద్దవాళ్ల పనే.

ఇప్పటికే పుచ్చు కనిపిస్తే టెన్షన్ పడకండి, చిన్నదైతే ఫిల్లింగ్‌తో సరిపోతుంది. దయచేసి "తోముకోకపోతే డాక్టర్‌తో ఇంజెక్షన్ చేయిస్తా" అని మాత్రం బెదిరించకండి. అది విన్న పిల్లలు నొప్పి వచ్చినా చెప్పరు. మా దగ్గరికి వచ్చేసరికి బుగ్గ వాచి, రెండు రాత్రులుగా నిద్ర లేక ఉంటారు.