కంట్లో వేసిన చుక్క ఎక్కడికి పోతోంది?

కంట్లో చుక్కల మందు వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తగలడం మీలో చాలామందికి అనుభవమే. కంటికి వేసింది నాలుకకు ఎలా తగిలింది? అద్దం ముందు నిలబడి కింది రెప్పను కాస్త లాగి చూడండి, ముక్కు వైపు మూలలో సూదిమొనంత చిన్న రంధ్రం కనిపిస్తుంది. కన్నీళ్లు అందులోంచి సన్నటి నాళం గుండా ముక్కులోకి, అక్కడి నుంచి గొంతులోకి దిగుతాయి. ఏడ్చినప్పుడు ముక్కు కారేది ఇందుకే. పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్ పరిశోధకుడిగా నేను చేస్తున్న పనంతా ఒక రకంగా ఆ చేదు చుట్టూనే తిరుగుతోంది.

మామూలు చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది. కంటి మీద ఎప్పుడూ ఉండే కన్నీరు సుమారు 7 మైక్రోలీటర్లే. అంటే వేసిన చుక్కలో చాలా భాగం పట్టడానికి చోటే ఉండదు, కొంత చెంప మీదికి జారిపోతుంది, కొంత ఆ రంధ్రంలోకి పోతుంది, మిగిలింది రెప్ప కొట్టిన ప్రతిసారీ పలచబడుతూ కొద్ది నిమిషాల్లో ఖాళీ. చివరికి కంటి లోపలికి చేరేది సాధారణంగా 5 శాతం కన్నా తక్కువ. అదీ కంటి ముందు భాగానికి. గ్లాకోమా (సాధారణంగా కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బు) మందులకు ఈ కాస్తా సరిపోతుంది, ఎందుకంటే అవి పనిచేయాల్సింది ముందు భాగంలోనే.

చిక్కంతా వెనక ఉండి వెలుగును పట్టే పొరతో, అంటే రెటీనాతో. షుగర్ వల్ల గాని, వయసు మీద పడటం వల్ల గాని కొందరికి అక్కడి రక్తనాళాలు కారడం మొదలవుతుంది, లేదంటే పెళుసైన కొత్త నాళాలు మొలుస్తాయి. వీటి వెనక వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ ఉంది, దాన్ని పట్టి కట్టేసే మందులు ఇప్పుడు ఉన్నాయి. వాటిలో ఒకటైన రానిబిజుమాబ్‌కు అమెరికాలో 2006లో అనుమతి వచ్చింది, ఆ తర్వాత మరికొన్ని వచ్చాయి. అంతకుముందు చూపు పోతుంటే చూస్తూ ఊరుకోవాల్సి వచ్చిన ఎందరికో ఇవి చూపు నిలబెట్టాయి. కానీ ఆ మందును సూదితో నేరుగా కంట్లోకి ఎక్కించాలి. మొదట్లో నెలకోసారి, తర్వాత కొంచెం ఎడంగా, చాలామందికి ఏళ్ల తరబడి. నొప్పి తెలియకుండా మత్తు చుక్కలు వేస్తారు, ఇన్ఫెక్షన్ రావడం కూడా అరుదే. అయినా కంటి వైపు సూది వస్తుంటే కదలకుండా ఉండటం, ప్రతిసారీ ఎవరినో తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లడం పెద్దవాళ్లకు చిన్న విషయం కాదు. ఒకటి రెండు సూదులు తప్పుతాయి, నాళాలు మళ్లీ కారతాయి, అలా పోయిన చూపు కొన్నిసార్లు తిరిగి రాదు. సూది లేకుండా చేయగలమా అని మాలాంటివాళ్లం తల బద్దలు కొట్టుకునేది ఈ ఒక్క కారణంగానే.

ఇక్కడ కెమిస్ట్రీకి పనేమిటంటారా? కంటి ముందుండే పారదర్శకమైన పొర కార్నియా, దాని మందం అటూ ఇటూగా అర మిల్లీమీటరు. కానీ ఆ అర మిల్లీమీటరులోనే స్వభావం మారిపోతుంది. పై పొరలో కణాలు ఒకదానికొకటి గట్టిగా కుట్టినట్టు ఉంటాయి, నూనెలో కరిగే అణువులనే అది దాటనిస్తుంది. దాని కింది మందపాటి పొర నిండా నీళ్లు, అక్కడ నీటిలో కరిగేవాటిదే రాజ్యం. కాబట్టి లోపలికి పోవాలనుకున్న అణువుకు నూనెతోనూ పొత్తు కుదరాలి, నీటితోనూ కుదరాలి.

దీన్ని లాటానోప్రోస్ట్ ఎంత అందంగా దాటిందో చూడండి. 1996 నుంచి వాడుతున్న గ్లాకోమా మందు ఇది. అసలు పనిచేసేది ఒక ఆమ్లం, అది పై పొరను సరిగా దాటలేదు. అందుకని ఆ ఆమ్లపు కొసకు చిన్న ఐసోప్రొపైల్ తోక తగిలించి ఎస్టర్‌గా మార్చారు. నూనె స్వభావం వచ్చింది, లోపలికి దూరింది. దూరాక కార్నియాలో ఉండే ఎంజైములే ఆ తోకను కత్తిరించి అసలు మందును బయటపెడతాయి. కంటి సొంత కత్తెరనే మన పనికి వాడుకోవడం అన్నమాట. నేను కెమిస్ట్రీలో చూసిన గొప్ప ఆలోచనల్లో ఇదొకటి.

మరి రెటీనా మందులకూ ఇలాగే తోక తగిలించొచ్చుగా? లాటానోప్రోస్ట్ అణువు బరువు 433 డాల్టన్లు (అణువుల బరువు చెప్పే కొలత). రానిబిజుమాబ్ సుమారు 48,000. చీమ దూరే కన్నంలో ఏనుగును పట్టించాలంటే తోకలు మారిస్తే సరిపోదు. పక్క దారి ఒకటి ఉంది, కంటి తెల్లగుడ్డు గుండా. అది పెద్ద అణువులను కూడా బాగానే దాటనిస్తుంది, కానీ దానికి పైనా కిందా ఉన్న రక్తనాళాలు వచ్చిన మందును వచ్చినట్టే ఎత్తుకుపోతాయి.

అయినా దారులు వెతుకుతూనే ఉన్నారు. ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయంలో థోర్‌స్టైన్ లోఫ్ట్‌సన్, ఐనార్ స్టెఫాన్సన్ సైక్లోడెక్స్‌ట్రిన్‌లను పట్టుకున్నారు. ఇవి చక్కెర అణువులు గుండ్రంగా చేరి ఏర్పడిన బుల్లి గిన్నెలు. గిన్నె లోపలి వైపు నూనె స్వభావం, బయటి వైపు నీటి స్వభావం. నీళ్లలో కరగనని మొరాయించే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఈ గిన్నెలో కూర్చుని కంటి మీద ఎక్కువసేపు నిలుస్తుంది. షుగర్ వల్ల రెటీనా ఉబ్బినవాళ్ల మీద ఈ చుక్కలను పెద్ద ట్రయల్స్‌లోనే పరీక్షించారు. స్టెరాయిడ్ కాబట్టి కంట్లో ఒత్తిడి పెరుగుతుందేమోనన్న భయం మాత్రం వెంటే ఉంటుంది. ఇంకో దారి కాంటాక్ట్ లెన్స్. అలర్జీకి వాడే కీటోటిఫెన్‌ను నింపిన లెన్స్‌కు 2022లో అమెరికాలో అనుమతి దొరికింది. అది ముందు భాగం మందే, కానీ లెన్స్‌ను మందుసంచిలా వాడొచ్చని నిజంగా చేసి చూపించింది.

నా బల్ల దగ్గరికి వస్తే, మాంసం కోసం కోసిన పందుల కళ్లు మాకు వస్తాయి, సైజులో అవి మన కళ్లకు దగ్గరగా ఉంటాయి. కార్నియాను జాగ్రత్తగా కోసి రెండు గాజు గదుల మధ్య బిగిస్తాను. పై గదిలో మందు, కింది గదిలో ఉప్పునీళ్లు, చుట్టూ 34 డిగ్రీల వెచ్చదనం, కంటి పైభాగం అంతే ఉంటుంది కాబట్టి. గంట గంటకూ కింది నీళ్లలో కొంచెం తీసి మెషిన్‌లో పెడతాను. నీళ్లలో మందు ఉంటే గ్రాఫ్‌లో శిఖరంలా పీక్ లేస్తుంది. ఒకసారి నాలుగో గంటకే పెద్ద పీక్ వచ్చింది. మందు దాటేసింది! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు అదే కార్నియాకు విద్యుత్ నిరోధం కొలిస్తే దాదాపు ఏమీ లేదు. పై పొర బాగుంటే ఆ సంఖ్య ఎక్కువగా ఉండాలి. నేను మందుకు జత చేసిన ధనావేశపు పాలిమర్ పొరనే చెడగొట్టింది, మందు దాటింది ఆ కంతల్లోంచి. గోడ పగలగొట్టి లోపలికి వెళ్లడం ఎవరైనా చేస్తారు. రోజూ కంట్లో వేసుకోవాల్సిన మందుకు అది పనికిరాదు. ఇప్పుడు ముందు గోడను కొలుస్తాను, తర్వాతే మందును.

ఇంకో మాట, ‘ఇక సూదులు అక్కర్లేదు, చుక్కలు చాలు’ అన్న వార్త కనిపిస్తే ఏ జంతువు మీద చేశారో వెతకండి. ల్యాబ్‌లో వాడే చిట్టెలుక కన్ను సుమారు 3 మిల్లీమీటర్లు, మనది 24. అణువు తనంతట తాను పాకుతూ పోవడానికి పట్టే సమయం దూరంతో కాదు, దూరం వర్గంతో పెరుగుతుంది. దూరం 8 రెట్లయితే సమయం 64 రెట్లు, చిట్టెలుకలో గంట పట్టింది మనకు రెండున్నర రోజులు దాటుతుంది. కుందేలు కన్ను పెద్దదే, కానీ అది గంటకు కొన్నిసార్లే రెప్ప కొడుతుంది, మనం నిమిషానికి దాదాపు 15 సార్లు. దాని కంటి మీద హాయిగా నిలిచిన మందు మన కంట్లో నిలవకపోవచ్చు.

అందుకే మీ ఇంట్లో ఎవరికైనా సూది వేయించుకునే తేదీ ఉంటే చుక్కలు వస్తాయి కదా అని వాయిదా వేయకండి. ఇప్పటికే చుక్కలు వాడుతుంటే, ఒక చుక్క వేశాక కన్ను మూసుకుని ముక్కు వైపు మూలను వేలితో రెండు నిమిషాలు మెల్లగా నొక్కి పట్టండి. రెండో మందు ఉంటే ఐదు నిమిషాలు ఆగి వేయండి. గొంతులో చేదు తగ్గిందంటే ఆ మేరకు మందు కంట్లోనే ఉండిపోయిందన్నమాట.