సిటీ కాలేజీ భవనం: హైస్కూలుగా కట్టిన గోడలకు ఇప్పుడు ఏ మరమ్మతు?

హైదరాబాద్‌లో మూసీ దక్షిణపు ఒడ్డున, హైకోర్టు పక్కనే కనిపించే సిటీ కాలేజీ భవనాన్ని 1921లో కాలేజీ కోసం కట్టలేదు. అది సిటీ హైస్కూలు. బడిగా మొదలై డిగ్రీ కాలేజీగా ఎదగడం వల్ల దాని మీద పడిన బరువేమిటో, నూరేళ్ల పాత భవనాల మరమ్మతు మీద ఇన్ని వాదనలు ఎందుకు నడుస్తున్నాయో తెలియాలంటే ముందు ఈ చరిత్ర చూడాలి.

నిజాం దివాను మొదటి సాలార్ జంగ్ 19వ శతాబ్దం మధ్యలో పెట్టిన దారుల్ ఉలూం మదరసాతో ఈ బడి మూలాలు ముడిపడి ఉన్నాయి. దానికి ఇంత పెద్ద భవనం నది ఒడ్డునే దక్కడానికి దారి తీసింది మాత్రం వరద. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి దాదాపు 15 వేల మందిని పొట్టనబెట్టుకుంది, ఒడ్డున బస్తీలకు బస్తీలే కొట్టుకుపోయాయి. విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. నది గట్లను తీర్చిదిద్ది, ఒడ్డు పొడుగునా సర్కారు భవనాలు లేపారు. దక్షిణాన హైకోర్టు, సిటీ హైస్కూలు, ఉత్తరాన ఉస్మానియా ఆసుపత్రి వెలిశాయి. ఈ మూడింటి వెనుకా విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లిష్ వాస్తుశిల్పి ఉన్నాడు. కాచిగూడ స్టేషన్ కూడా అతని పనే. కమానులు, గుమ్మటాలు, ఛత్రీలను (స్తంభాల మీద నిలిచే చిన్న గొడుగు మండపాలను) ఇక్కడి సంప్రదాయం నుంచి తీసుకుని, లోపలి ఏర్పాటును ఆధునిక అవసరాలకు తగ్గట్టు వేయడం అతని పద్ధతి.

1921లోనే బడిలో ఇంటర్మీడియట్ తరగతులు మొదలయ్యాయి. బోధన ఉర్దూలో, అజమాయిషీ ఉస్మానియా విశ్వవిద్యాలయానిది. 1929లో అది సిటీ కాలేజీ అయింది. 1930లలో ఉర్దూ కవి, కమ్యూనిస్టు నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్ ఇక్కడ పాఠాలు చెప్పాడు. 1952 సెప్టెంబరులో, ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న ముల్కీ ఉద్యమం వరంగల్ నుంచి రాజధానికి పాకినప్పుడు విద్యార్థులు గుమిగూడింది ఇక్కడే, పోలీసు కాల్పులు జరిగిందీ ఈ పరిసరాల్లోనే. తెలంగాణ రాజకీయ చరిత్రలో ఈ ప్రాంగణానికి ఉన్న చోటు ఆ రోజులతో స్థిరపడింది. పాత భవనాన్ని కాపాడాలనేవాళ్లు అందం గురించే ఎక్కువ మాట్లాడతారు గానీ, నా లెక్కన ఈ కారణం దానికంటే బలమైనది.

ఇక గోడల సంగతి. హైస్కూలుగా కట్టిన గదుల్లో ప్రయోగశాలలు వస్తే వాటి వెంట నీటి గొట్టాలు, కొళాయిలు, గోడలు తొలిచి వేసిన కరెంటు తీగలు వస్తాయి. ఈ రకం భవనాలన్నింటిలోనూ అసలు చేటు వయసు వల్ల కన్నా నీటి వల్లే ఎక్కువ.

ఆనాటి కట్టుబడిలో రాయినీ ఇటుకనీ పట్టి ఉంచేది గానుగ సున్నం. కాల్చిన సున్నాన్ని నీళ్లలో విరిచి, కనీసం రెండు వారాలు నాననిచ్చి, ఒక పాలు సున్నానికి రెండు నుంచి మూడు పాళ్లు ఇసుక, ఇటుకపొడి కలిపి గానుగలో రుబ్బేవారు. కొన్నిచోట్ల కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్లు పోసేవారు. ఇలా కట్టిన గోడ తేమను పీల్చుకుంటుంది, ఎండ వచ్చాక వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత పూస్తే తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. లోపల నిలిచిన నీటిలో ఉప్పు కరిగి, పూత వెనకాల పేరుకుని గట్టిపడుతుంది. రెండు మూడు వానాకాలాలకు పూత బోలుబోలుగా మోగుతుంది, ఆ తర్వాత ఇటుక పెచ్చుతో సహా రాలుతుంది. నల్లరాయి గోడైతే రాయి తేమను పెద్దగా పీల్చదు, రాళ్ల మధ్య సందులే దానికి దారి. ఆ సందుల్ని సిమెంటుతో నింపితే వెనకున్న సున్నం పొడిపొడి అవుతుంది.

పైకప్పుది ఇంకో బాధ. కురిసినప్పుడల్లా పాత గచ్చు తీయకుండా దాని మీదే కొత్త పొర వేయడం మన దగ్గర మామూలే. నాలుగంగుళాల సున్నపు కాంక్రీటు చదరపు మీటరుకు దాదాపు 180 కిలోలు తూగుతుంది. వంద చదరపు మీటర్ల హాలు మీద అలాంటి ఒక్క పొర వేస్తే 18 టన్నులు కొత్తగా ఎక్కినట్టే, నీరు తాగితే ఇంకా ఎక్కువ. కింద టేకు దూలాలున్నాయో, ఇనుప దూలాల మధ్య ఇటుక కమానులున్నాయో, తొలినాటి కాంక్రీటు ఉందో చిన్న గుంత తవ్వి చూడకుండా ఎస్టిమేటు రాయకూడదు. ఇనుప దూలం తుప్పు పడితే ఉబ్బుతుంది, పక్కనున్న ఇటుకను పగలగొడుతుంది.

పిట్టగోడల్లో మొలిచే రావి, మర్రి మొక్కల్ని ఏటా కొట్టేస్తుంటారు. కొడితే కాండం పోతుంది గానీ వేరు మరింత లావెక్కుతుంది. ఆ చోట రాళ్లు విప్పి, వేరు పూర్తిగా లాగి, సున్నపు పాలు పోసి, మళ్లీ కట్టాలి. గోడ పగుళ్లకు ముందు అద్దం పరీక్ష చేయాలి. పగులుకు అడ్డంగా పల్చటి అద్దం ముక్కను రెండు చివర్లా జిప్సంతో అతికించి, పక్కన తేదీ రాస్తారు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచినా అద్దం చిట్లకపోతే ఆ పగులు పాతదే, నింపేస్తే సరిపోతుంది. చిట్లితే గోడ ఇంకా కదులుతోందని అర్థం, కాబట్టి పునాది దగ్గరా నీటి కాలువల దగ్గరా వెతకాలి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో చుట్టూ నేల పెరిగి, వాననీరు గోడ వైపే మళ్లడం పాతబస్తీలో తరచూ కనిపించే కారణం.

చట్టం కథ కూడా ఒడిదుడుకులదే. 1995లో హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) నిబంధన 13 వచ్చింది, దాని కింద నగరంలోని వారసత్వ కట్టడాల జాబితా ప్రకటించారు. జాబితాలో ఉన్నవాటిని కూల్చాలన్నా మార్చాలన్నా అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. 2015లో ప్రభుత్వం ఆ నిబంధనను రద్దు చేసింది, 2017లో వారసత్వ కట్టడాల చట్టం తెచ్చింది. నగరంలోని ఎర్రమంజిల్ అనే పాత ప్యాలెస్‌ను కూల్చి అసెంబ్లీ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. కానీ కూల్చివేతను ఆపడం ఒకటి, సరైన మరమ్మతు చేయించడం ఇంకొకటి. కోర్టు ఉత్తర్వు సిమెంటు పూతను ఆపదు. టెండరులో ‘పూత పని’ అని మాత్రమే ఉంటే కాంట్రాక్టరు వేసేది సిమెంటే. సున్నం పాళ్లు, నానబెట్టే రోజులు, ఒక్కో పొర 12 మిల్లీమీటర్లు మించకూడదనే షరతు, కనీసం వారం పాటు తడిగోనెలు కప్పడం, ఇవన్నీ అంశాలవారీగా టెండరులోనే రాసి ఉండాలి. పనుల వరుస కూడా అందులోనే తేల్చాలి. ముందు తూములు, నీటి గొట్టాలు, పైకప్పు చూడాలి. గోడలు ఒక ఎండాకాలం ఆరాకే పూతకు దిగాలి.