మారిషస్: ఓడినవాళ్లకు సీట్లిచ్చే రాజ్యాంగం ఎలా వచ్చింది?

మారిషస్‌లో పార్లమెంటుకు పోటీ చేసేవాళ్లు నామినేషన్ పత్రంలో తమ వర్గం ఏదో రాసి తీరాలి. హిందువా, ముస్లిమా, చైనా సంతతా, ఈ మూడూ కాకపోతే 'జనరల్ పాపులేషనా'? రాయకపోతే నామినేషన్ చెల్లదు. 2019 ఎన్నికల్లో వర్గం రాయడానికి ఒప్పుకోనివాళ్ల పత్రాలను తీసి పక్కన పెట్టేశారు కూడా. ఆఫ్రికా దేశాల్లో ప్రజాస్వామ్యం బాగా నడుస్తున్నది ఎక్కడంటే ముందుగా చెప్పే పేరు మారిషస్‌దే. అలాంటిచోట ఈ పట్టింపు ఎందుకొచ్చిందో తెలియాలంటే చెరకు తోటల కాలం దాకా వెళ్లాలి.

బానిసత్వం రద్దయ్యాక తోటలకు కూలీలు కావాల్సి వచ్చింది. 1834 నుంచి దాదాపు నాలుగున్నర లక్షల మంది భారతీయుల్ని ఒప్పంద కూలీలుగా తీసుకెళ్లారు. బిహార్, తమిళ ప్రాంతాలవాళ్లతో పాటు కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడెక్కిన తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ వాళ్లను చాలాకాలం 'కోరంగీలు' అనే పిలిచారు. జనాభాలో భారతీయులదే మెజారిటీ అయినా ఓటు హక్కు మాత్రం ఆస్తీ ఆదాయం ఉన్న కొద్దిమందికే. 1947 రాజ్యాంగం ఈ గేటు కొంచెం తెరిచింది. ద్వీపంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా తేలికైన వాక్యాలు చదివి రాయగలిగితే చాలు, ఓటు వస్తుంది. సంఘ సంస్కర్త బాస్‌దేవ్ బిసూన్‌దయాల్ ఉద్యమకారులు ఊరూరా రాత్రి బళ్లు పెట్టి పెద్దవాళ్లకు అక్షరాలు దిద్దించారు. దాంతో సుమారు 12 వేలున్న ఓటర్లు 1948 ఎన్నికల నాటికి 70 వేలు దాటారు. వయోజనులందరికీ ఓటు 1959లో వచ్చింది.

అందరికీ ఓటు రాగానే భయాలూ మొదలయ్యాయి. బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోతే రాజ్యం మొత్తం హిందువుల చేతిలోకి పోతుందని ఆఫ్రికా మూలాలున్న క్రియోల్‌లు, ఫ్రెంచి సంతతివాళ్లు బెంగపడ్డారు. తమకు ప్రాతినిధ్యం దక్కుతుందన్న హామీ కావాలని ముస్లిం నాయకులు పట్టుబట్టారు. ఎన్నికల పద్ధతి ఎలా ఉండాలో చెప్పడానికి 1966లో బాన్‌వెల్ కమిషన్ వచ్చింది. బేరసారాలు చాలానే జరిగాక కుదిరిన ఏర్పాటు ఇది: ఒక్కో నియోజకవర్గానికి ముగ్గురు చొప్పున 20 నియోజకవర్గాలు, మారిషస్‌లోనే భాగమైన చిన్న రోడ్రిగ్స్ ద్వీపానికి ఇద్దరు, వెరసి 62 మంది. వీళ్లు కాక ఓడినవాళ్లలోంచి మరో 8 మంది. 'బెస్ట్ లూజర్' అనేది ఈ ఎనిమిది సీట్ల పద్ధతికే పేరు.

లెక్క ఇలా నడుస్తుంది. ఫలితాలు వచ్చాక ఏ వర్గానికి జనాభాతో పోలిస్తే సీట్లు తక్కువ పడ్డాయో ఎన్నికల కమిషన్ చూస్తుంది. ఆ వర్గంలో ఓడినవాళ్లలో ఎక్కువ శాతం ఓట్లు తెచ్చుకున్న వ్యక్తిని సభలోకి తీసుకుంటుంది. మొదటి నాలుగు సీట్లు అలా భర్తీ అవుతాయి. మిగతా నాలుగు పార్టీల బలాబలాలు తలకిందులు కాకుండా చూసుకుంటూ ఇస్తారు. అభ్యర్థి వర్గం తెలియకపోతే ఈ లెక్క తేలదు. అందుకే ఆ ప్రశ్న. 'జీవన విధానాన్ని బట్టి' మొదటి మూడు వర్గాల్లోనూ ఇమడని ప్రతి ఒక్కరూ జనరల్ పాపులేషనేనని రాజ్యాంగం మొదటి షెడ్యూల్ అంటుంది. అంటే క్రియోల్ జాలరీ, ఫ్రెంచి సంతతి చక్కెర మిల్లు యజమానీ ఒకే వర్గం. మనవాళ్ల సంగతి మరీ తమాషా. ఉగాదికి దేశమంతా సెలవు ఇస్తారు కానీ షెడ్యూల్లో తెలుగువాళ్లకు వేరే స్థానం లేదు. తమిళులకూ మరాఠీలకూ అంతే. అందరూ హిందూ లెక్కలోకే.

1967 ఆగస్టు ఎన్నికల్లో శివసాగర్ రామ్‌గులామ్ నాయకత్వంలోని స్వాతంత్ర్య కూటమి గెలిచింది. అయితే ఓటర్లలో దాదాపు 44 శాతం మంది స్వాతంత్ర్యం వద్దన్న గేటన్ డువాల్ వైపు నిలిచారు. 1968 జనవరిలో పోర్ట్ లూయిస్‌లో క్రియోల్, ముస్లిం ముఠాల మధ్య అల్లర్లు రేగి బ్రిటిష్ సైన్యం దిగాల్సి వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 12న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. బెస్ట్ లూజర్ పద్ధతిని ఇవాళ వెక్కిరించడం తేలికే గానీ అప్పటి టెన్షన్‌లో అది చేసిన మేలు తక్కువది కాదని నా అభిప్రాయం. ఏ వర్గమూ సభ బయట మిగిలిపోకుండా చూసింది.

అసలు దెబ్బ ఇంకోవైపు నుంచి పడింది. 1969లో రామ్‌గులామ్, డువాల్ చేతులు కలిపారు. ఇంకేముంది, 1972లో జరగాల్సిన ఎన్నికలను రాజ్యాంగ సవరణతో 1976కు జరిపేశారు. 1970 ఉప ఎన్నికలో ఎంఎంఎం (మారిషస్ మిలిటెంట్ ఉద్యమం) అనే కొత్త వామపక్ష పార్టీ గెలిచింది. గెలిచిన దేవ్ వీరాస్వామి తెలుగు మూలాలున్నవాడే. రేవు కార్మికుల సమ్మెలు ముదరడంతో 1971 డిసెంబర్లో ఎమర్జెన్సీ పెట్టారు. పత్రికలపై సెన్సార్, సంఘాలపై ఆంక్షలు, పాల్ బెరాంజే సహా ఎంఎంఎం నాయకులు జైల్లో. 1975 మే నెలలో విద్యార్థులు రోడ్డెక్కాకే ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది.

1982లో ఎంఎంఎం కూటమి ప్రధాన ద్వీపంలోని 60కి 60 సీట్లూ ఊడ్చేసింది. ఒక్కో ఓటరు మూడు ఓట్లూ వేసి తీరాల్సిన పద్ధతిలో గాలి ఒకవైపు వీచిందంటే ఇలాగే ఉంటుంది. పాత పాలకపక్షానికి సభలో మిగిలింది బెస్ట్ లూజర్ సీట్లే. 1995లోనూ అదే 60-0. మైనారిటీ వర్గాల కోసం పెట్టిన ఏర్పాటే ప్రతిపక్షానికీ దిక్కయింది. దీన్ని తీసేయాలన్నవాళ్లు కూడా ఇక్కడికొచ్చేసరికి తడుముకుంటారు.

ఇంకో చిక్కు జనాభా లెక్కలది. వర్గం అడిగిన చివరి సెన్సస్ 1972లో జరిగింది. జనాన్ని ఇలా విడగొట్టడం తప్పని 1982లో ఆ ప్రశ్న తీసేశారు. సీట్ల పంపకం మాత్రం ఇప్పటికీ 1972 అంకెల మీదే. జనాభా లెక్కల్లో అడగకూడదనుకున్న ప్రశ్నను అభ్యర్థిని మాత్రం ఎందుకడగాలి? రెజిస్టాన్స్ ఎక్ ఆల్టర్నేటివ్ అనే వామపక్ష సంస్థ దీని మీదే కోర్టుకెక్కింది. స్వదేశంలో న్యాయం దొరక్క ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళ్లింది. పాత అంకెలు పట్టుకుని అభ్యర్థుల్ని వర్గం చెప్పమనడం వాళ్ల రాజకీయ హక్కుకు భంగమేనని కమిటీ 2012లో తేల్చింది. 2014 ఎన్నికకు మాత్రం పనికొచ్చేలా తాత్కాలిక చట్టం చేసి, వర్గం చెప్పడం అభ్యర్థి ఇష్టానికి వదిలారు. ఆ తర్వాత పాత నిబంధనే మళ్లీ వచ్చింది. 2018లో ఈ పద్ధతి ఎత్తేసే బిల్లు తెచ్చారు, కావాల్సినంత మెజారిటీ లేక అది ఆగిపోయింది.

అదలా ఉంచితే, ఇంత మెజారిటీలు ఇచ్చే దేశంలో పౌరహక్కుల్ని కాపాడుతున్నది ఎవరు? చాలాసార్లు సభ బయటివాళ్లే. 1984లో పత్రికలు 5 లక్షల రూపాయల డిపాజిట్ కట్టాలని చట్టం చేస్తే జర్నలిస్టులు వీధిలో బైఠాయించారు. 44 మందిని అరెస్టు చేశారు, చివరికి ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. 1999 ఫిబ్రవరిలో కాయా అనే గాయకుడు పోలీసు లాకప్‌లో చనిపోతే దేశం రోజుల తరబడి అట్టుడికింది. 2002లో వచ్చిన ఉగ్రవాద నిరోధక చట్టం మీద సంతకం పెట్టడం ఇష్టంలేక అధ్యక్షుడు కసామ్ ఉతీమ్ రాజీనామా చేశారు. ఉపాధ్యక్షుడు అంగిడి చెట్టియార్ కూడా అదే దారి పట్టారు. ఆఖరికి తాత్కాలిక అధ్యక్షుడిగా ఉన్న ప్రధాన న్యాయమూర్తి సంతకంతో అది చట్టమైంది. ఒక సంతకం కోసం ఇద్దరు పెద్దలు పదవులు వదులుకోవడం మన దగ్గర ఊహించగలమా?

2024 అక్టోబర్లో 'మిస్యే ముస్తాస్' అనే మారుపేరుతో ఎవరో ఫోన్ సంభాషణల రికార్డింగులు వరసగా బయటపెట్టారు. రాజకీయ నాయకులు, జర్నలిస్టులు, లాయర్లు, పోలీసు అధికారులు, ఎవరినీ వదల్లేదు. ఫోన్లు ట్యాప్ అవుతున్నాయన్న అనుమానం ఎప్పట్నుంచో ఉంది, ఇప్పుడు గొంతులు వినపడ్డాయి. ఎన్నికలు అయ్యేదాకా, అంటే నవంబర్ 11 వరకు, సోషల్ మీడియా ఆపేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ఆదేశించింది. గగ్గోలు పుట్టడంతో వెంటనే ఆదేశం ఎత్తేశారు. నవంబర్ 10న జరిగిన ఎన్నికల్లో ప్రధాని ప్రవింద్ జగన్నాథ్ ప్రభుత్వం కుప్పకూలింది. శివసాగర్ రామ్‌గులామ్ కొడుకు నవీన్ రామ్‌గులామ్ కూటమికి మళ్లీ 60కి 60. కొత్త సభలో ప్రతిపక్ష నాయకుడైన జో లెస్‌జోంగార్ బెస్ట్ లూజర్‌గా వచ్చినవాడే.

వర్గం చెప్పమన్న నిబంధనపై జెనీవా దాకా వెళ్లిన రెజిస్టాన్స్ ఎక్ ఆల్టర్నేటివ్ 2024లో గెలిచిన కూటమిలో భాగం, దాని నాయకుడు అశోక్ సుబ్రన్ మంత్రి అయ్యారు. రాజ్యాంగం మార్చడానికి కావాల్సిన సంఖ్యాబలం ఆ ఎన్నికల్లో ఈ కూటమికి పుష్కలంగా దక్కింది. ఎత్తేస్తే ఆ స్థానంలో ఏం పెట్టాలి, ఇంకోసారి 60-0 వస్తే సభలో ప్రశ్నించేవాడు ఎక్కణ్నుంచి రావాలి అన్నదే ఇప్పుడు వాళ్లు తేల్చాల్సింది.