నవమి పందిట్లో పాట ఎందుకు తగ్గింది?

శ్రీరామనవమికి ఇప్పటికీ వీధి వీధికీ పందిళ్లు పడుతున్నాయి. పానకం, వడపప్పు, డీజే బాక్సులు, అన్నీ ఉంటున్నాయి. ఎదురుగా నిలబడి పాడే మనిషే చాలాచోట్ల కనిపించడం లేదు.

ఒకప్పుడు కోస్తా ఊళ్లలో నవమి అంటే తొమ్మిది రాత్రుల పండగ. చందాలు వేసుకుని తాటాకు పందిరి వేసేవాళ్లు. ఒకరోజు హరికథ, ఒకరోజు బుర్రకథ, ఇంకోరోజు పాట కచేరీ. హరికథ చెప్పే దాసుగారి కాలికి గజ్జెలు, చేతిలో చిడతలు, పక్కన ఫిడేలు, మృదంగం. సీతాకల్యాణం ఘట్టం రాగానే కథ కాసేపు ఆగి చదివింపులు మొదలయ్యేవి. అర్ధరూపాయి ఇచ్చినా ఇంటిపేరుతో సహా చదివేవాళ్లు. ముందు చాపల మీద పిల్లలు కూర్చునేవాళ్లు. రాగం పేరు తెలియకపోయినా వాళ్ల చెవికి పాట పట్టేది. నా దృష్టిలో పందిరి చేసిన అసలు పని అదే.

ఘంటసాల చిన్నప్పుడు తండ్రి సూరయ్యగారు భజనల్లో పాడుతుంటే తరంగాలకు (కృష్ణుడి మీద భక్తి పాటలకు) అడుగులు వేసేవారు. జనం ‘బాల భరతుడు’ అని మురిసిపోయేవాళ్లు. తర్వాత విజయనగరం సంగీత పాఠశాలలో చేరారు. 1919లో మొదలైన ఆ బడికి తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఘంటసాల అక్కడ జోలె పట్టి, ఇంటింటా మధూకరం చేసుకుంటూ చదివారు. ఊరి ఇళ్లు పెట్టిన ఆ అన్నాన్ని కూడా నేను వేదికల లెక్కలోనే వేస్తాను.

విజయవాడలో సంగీత గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు జరిపే త్యాగరాజ ఆరాధనలో, ఎనిమిదేళ్ల మురళీకృష్ణ పూర్తి కచేరీ చేశాడు. అది విని పేరుకు ముందు ‘బాల’ చేర్చింది ముసునూరి భాగవతార్ అనే హరికథకుడు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ అయింది అలా.

తర్వాత రికార్డులు, సినిమా పాటల ఆర్కెస్ట్రాలు, టీవీ వచ్చాయి. ఆ కథ అందరికీ తెలిసిందే. తక్కువగా మాట్లాడుకునేది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల గురించి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. పరీక్షలకు చదివే పిల్లలకు, జబ్బుపడ్డవాళ్లకు ఆ నిబంధన కావాల్సిందే. కానీ హరికథ మొదలయ్యేదే భోజనాలయ్యాక. డీజే సాయంత్రం ఏడింటికి మొదలై పదిలోపు అయిపోతుంది, దాసుగారి కథ అవదు. పండగలకు, ఏడాదిలో 15 రోజులకు మించకుండా, అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే వీలు రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. అందులో ఒక్క రాత్రయినా హరికథకు దక్కాలని నా కోరిక.

హైదరాబాద్‌లో పందిరి లాంటి చోటు మరో రూపంలో వచ్చింది. 2010లో బంజారాహిల్స్‌లో ఒక కుటుంబం తమ ఇంటినే ‘లామకాన్’ పేరుతో అందరికీ తెరిచింది. పాటలు, నాటకాలు, చర్చలు, చవకగా టీ, సమోసా. పాడేవాళ్లకూ వినేవాళ్లకూ మధ్య నాలుగడుగులు. వేదిక ఆరుబయటే కాబట్టి మైకు అక్కడ కూడా పదింటికల్లా ఆగాలి.